కొయ్య పడవ.. కదిలితేనే బతుకు!

1943 ఆగస్టు 2. తెల్లవారుజామున రెండు దాటింది. పసిఫిక్ మహాసముద్రంలో సాలమన్ దీవుల దగ్గర చిమ్మచీకటి. ఆకాశంలో చంద్రుడు లేడు. ఆ చీకట్లో 80 అడుగుల అమెరికా యుద్ధపడవ ఒకటి మూడు ఇంజిన్లలో రెండింటిని ఆపేసి, ఒక్కదానితో చప్పుడు చేయకుండా కాపు కాస్తోంది. పేరు పీటీ-109. ఉన్నట్టుండి జపాన్ వారి డిస్ట్రాయర్ 'అమగిరి' కొండలా మీదికి వచ్చేసింది. తప్పుకునే వ్యవధి లేదు. పడవ రెండు ముక్కలైంది. నీళ్ల మీద పెట్రోలు మంటలు. పదమూడు మందిలో ఇద్దరు పోయారు.

మిగిలిన పదకొండు మందినీ దగ్గర్లోని చిన్న దీవికి చేర్చిన కుర్ర లెఫ్టినెంటు వయసు 26. కాలిన గాయాలతో ఈదలేని ఓ మెకానిక్ లైఫ్ జాకెట్ పట్టీని పళ్లతో కరిచి పట్టుకుని, గంటల తరబడి ఈదుకుంటూ లాక్కెళ్లాడు. తర్వాత కొబ్బరికాయ పెంకు మీద కత్తితో నాలుగు ముక్కలు చెక్కి, ఇద్దరు దీవివాసుల చేతికిచ్చి కబురు పంపాడు. సాయం వచ్చింది. ఆ కుర్రాడే 1961లో అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్. కెన్నెడీ. ఆ కొబ్బరి పెంకు ఆయన కార్యాలయంలో బల్ల మీద ఉండేది.

కెన్నెడీ కథ తెలిసినవాళ్లు కోట్లలో ఉంటారు. మరి ఆ పడవ సంగతో? అలాంటివి యుద్ధకాలంలో వందల్లో తయారయ్యాయి. ఇప్పుడు మిగిలినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులోనూ మళ్లీ నీళ్ల మీద పరుగెత్తినవి మరీ తక్కువ. ఆ నాలుగైదు పడవల కోసం కొందరు తమ జీవితంలో పదేసి, ఇరవయ్యేసి ఏళ్లు ధారపోశారు. జీతం లేదు. పేరూ పెద్దగా రాలేదు. పైగా వాళ్లు బతికించాలనుకున్నది బతకడానికి తయారుచేసిన వస్తువు కాదు!

వాడి పారేసే పడవలు

పీటీ అంటే పెట్రోల్ టార్పెడో. ఇక్కడ 'పెట్రోల్' అంటే ఇంధనం కాదు, గస్తీ. గస్తీ తిరుగుతూ, శత్రునౌక కనపడితే టార్పెడో వదిలి పారిపోవడం దీని పని. పెద్ద నౌకతో ఎదురునిలిచి పోరాడే బలం దీనికి లేదు. ఉన్నదల్లా వేగమే. అమెరికాలో ఎల్కో, హిగ్గిన్స్ అనే రెండు కంపెనీలే దాదాపు 600 పడవలు కట్టాయి. గంటకు 70 కిలోమీటర్లకు పైగా వేగం. సముద్రం మీద అది మాటలు కాదు. పడవ అడుగుభాగాన్ని ఎలా మలిచారంటే, వేగం పుంజుకునేకొద్దీ ముందుభాగం పైకి లేచి, నీటిని చీల్చుకుంటూ కాక నీటి మీద జారుతూ పోతుంది. చెరువులో పిల్లలు విసిరే పెంకు నీళ్ల మీద తుళ్లుతూ పోయినట్టు.

అలా జారాలంటే పడవ తేలిగ్గా ఉండాలి. అందుకే ఇనుము కాదు, కొయ్య. మహాగని పలకల్ని ఒక వరస ఏటవాలుగా పరిచి, దాని మీద జిగురు పట్టించిన బట్ట, ఆపైన అడ్డంగా మరో వరస పలకలు. పీటీ పడవలు ప్లైవుడ్‌తో చేసినవని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ప్లైవుడ్ కాదు, అసలైన పలకలే.

ఇక ఇంజిన్లు. ప్యాకార్డ్ కంపెనీ తయారీ, ఒక్కోదానికి పన్నెండు సిలిండర్లు. ఒక్కో పడవకు మూడు ఇంజిన్లు. ఒక్కోటి 1,200 నుంచి 1,500 గుర్రాల శక్తి. తాగేది విమానాలకు వాడే పెట్రోలు. మూడూ పూర్తి వేగంతో పరుగెడితే గంటకు సుమారు 1,900 లీటర్లు. అంటే 35 లీటర్లు పట్టే కారు ట్యాంకుని గంటలో యాభై నాలుగు సార్లు నింపినట్టు! పడవ ట్యాంకులో పట్టేది 11 వేల లీటర్ల పైచిలుకు. కొయ్యపెట్టెలో అంత పెట్రోలు పెట్టుకుని, దాని మీద కూర్చుని యుద్ధానికి వెళ్లారన్నమాట. పీటీ-109 కుర్రాళ్లకు నీళ్ల మీదే మంటలు ఎందుకు ఎదురయ్యాయో వేరే చెప్పక్కర్లేదు.

నౌకాదళానికి ఈ పడవలు యుద్ధం అయ్యేదాకా నిలిస్తే చాలు. 1945లో యుద్ధం ఆగింది. పసిఫిక్‌లో ఉన్నవాటిని ఇంటికి తీసుకురావడం దండగని తేల్చారు. ఫిలిప్పీన్స్‌లోని సమర్ దీవి దగ్గర పనికొచ్చే సామాను ఊడదీసుకుని, వందకు పైగా పడవల్ని ఒడ్డునే తగలబెట్టేశారు. వాటిలో తిని, పడుకుని, చావుని తప్పించుకున్న నావికులే నిలబడి చూశారు.

స్వదేశంలో మిగిలిన కొన్నింటిని వేలంలో అమ్మారు. ఆ రోజుల్లో అవి చవగ్గా దొరికే పాత పడవలు, అంతే. కెన్నెడీ పీటీ-109 తర్వాత నడిపిన పీటీ-59కి ఇదే గతి పట్టింది. న్యూయార్క్‌లో హార్లెం నది ఒడ్డున నివాసపు పడవగా మారి, చివరికి దిక్కులేక బురదలో మునిగింది. 2020లో అక్కడ గోడ కడుతూ తవ్వినప్పుడు ఆ చెక్కముక్కలు బయటపడ్డాయి. ఒక అధ్యక్షుడు ఎక్కిన పడవకే దిక్కులేనప్పుడు మిగతావాటి మాట ఏం చెప్పాలి!

మారువేషాల్లో ముసలి వీరులు

బ్రిటన్‌లో కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఎంటీబీ-102 అనే టార్పెడో పడవని వోస్పర్ కంపెనీ 1937లో పోర్ట్స్‌మత్‌లో కట్టింది. పొడవు 68 అడుగులు. బరువు లేకుండా పరుగెత్తితే గంటకు 89 కిలోమీటర్ల దాకా వెళ్లేది. మొదట దీనికి బిగించినవి ఇటలీవారి ఇసోటా ఫ్రస్కీనీ ఇంజిన్లు. 1940 జూన్‌లో ఇటలీ శత్రువుల పక్షాన చేరేసరికి ఆ ఇంజిన్లు రావడం ఆగిపోయింది. అప్పుడే బ్రిటన్ అమెరికా వైపు చూడాల్సి వచ్చింది.

ఇటలీ యుద్ధంలో దిగడానికి కొద్దిరోజుల ముందే డన్‌కర్క్ ఘట్టం. ఫ్రాన్స్ తీరంలో చిక్కుకుపోయిన 3 లక్షల 38 వేల మందికి పైగా సైనికుల్ని పడవల మీద తరలించారు. ఎంటీబీ-102 ఎనిమిదిసార్లు అటూ ఇటూ తిరిగింది. తరలింపు పర్యవేక్షిస్తున్న రియర్ అడ్మిరల్ వేక్-వాకర్ ఉన్న నౌక బాంబులకు మునిగిపోతే, ఆయన ఈ బుల్లి పడవలోకి మారాడు. అడ్మిరల్ ఉన్న పడవకు జెండా ఉండాలి కదా? గిన్నెలు తుడిచే గుడ్డ మీద ఎర్ర రంగు పూసి ఎగరేశారు. 1944లో నార్మండీ దాడికి ముందు ఇదే పడవ మీద చర్చిల్, ఐసెన్‌హోవర్ నౌకల్ని చూసి వచ్చారు.

ఇంత ఘనచరిత్ర ఉన్న పడవ యుద్ధం తర్వాత ఎవరో షికారుకి వాడుకునే సొంత పడవైంది. 1970ల్లో నార్‌ఫోక్‌లోని బ్రండాల్ అనే ఊళ్లో స్కౌట్ పిల్లల చేతికొచ్చింది. 1976లో 'ద ఈగిల్ హ్యాజ్ ల్యాండెడ్' సినిమా వాళ్లకు యుద్ధపడవ కావాల్సి వచ్చి, వాళ్ల ఖర్చుతో దీన్ని మళ్లీ పూర్వరూపానికి తెచ్చారు. నౌకాదళం చేయని పని సినిమా చేసింది! తర్వాత ఒక ట్రస్టు దాని బాధ్యత తీసుకుంది.

ఎంజీబీ-81 అనే తుపాకుల పడవది ఇంకో రకం బతుకు. 1942లో పుట్టింది, యుద్ధం చేసింది, అమ్ముడుపోయింది. కొత్త యజమానుల చేతుల్లో దొంగసరుకు చేరవేసి, 1950ల్లో కస్టమ్స్ వారికి దొరికిపోయింది. వేగం యుద్ధానికే కాదు, స్మగ్లింగుకీ పనికొస్తుంది మరి.

దానికి పెద్దక్క లాంటిది హెచ్ఎస్ఎల్-102. ఇది చంపడానికి కాదు, కాపాడటానికి తిరిగిన పడవ. సముద్రంలో కూలిన విమానాల్లోని వారిని తెచ్చేది. దీని వెనుక 'లారెన్స్ ఆఫ్ అరేబియా' చెయ్యి కూడా ఉంది. ఎడారి యుద్ధాలతో ప్రపంచప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ తర్వాత పేరు మార్చుకుని వైమానిక దళంలో మామూలు ఉద్యోగిగా చేరాడు. 1931లో ప్లిమత్ దగ్గర ఓ సముద్రవిమానం కూలినప్పుడు సాయానికి వెళ్లిన పడవల నత్తనడక చూశాడు. వేగంగా వెళ్లే పడవలు కావాలని పట్టుబట్టి, వాటి తయారీ, పరీక్షల్లో స్వయంగా పాల్గొన్నాడు. 1935లో చనిపోయాడు. మరుసటి ఏడాది అదే తయారీదారు హ్యూబర్ట్ స్కాట్-పెయిన్ హెచ్ఎస్ఎల్-102ని కట్టాడు. 1941లో రెండు నెలల్లోనే ఇది 38 మందిని నీళ్లలోంచి తీసింది. వాళ్లలో జర్మన్ బాంబర్ల సిబ్బందీ ఉన్నారు. తర్వాత ఎన్నో ఏళ్లు ఎవరికో ఇల్లుగా పడి ఉండి, మరమ్మతులై 1996లో మళ్లీ నీళ్లలోకి దిగింది.

జర్మన్లవి కూడా ఒకటి మిగిలింది. ఎస్-130. 1944 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ తీరంలో నార్మండీ దాడికి రిహార్సల్ జరుగుతుండగా జర్మన్ వేగపడవలు చొరబడి 700 మందికి పైగా అమెరికన్లను చంపేశాయి. అందులో ఇదీ ఉంది. యుద్ధం తర్వాత బ్రిటిష్ వారు దీన్ని తీసుకుని, అదే జర్మన్లతో నడిపిస్తూ, బాల్టిక్ తీరంలో రాత్రిళ్లు గూఢచారుల్ని దించడానికి వాడుకున్నారు. నిన్నటి శత్రువు పడవ, నేటి శత్రువు మీదికి. చివరికి ఇంగ్లండ్‌లోనే ఓ యుద్ధవాహనాల సేకర్త దాన్ని కొని, మరమ్మతుకు ఒడ్డుకెక్కించాడు.

లక్ష గంటలు

అన్నిట్లోకీ ఒళ్లు గగుర్పొడిచే కథ పీటీ-305ది. హిగ్గిన్స్ కంపెనీ 1943లో న్యూ ఆర్లీన్స్‌లో కట్టింది. మధ్యధరా సముద్రంలో ఫ్రాన్స్, ఇటలీ తీరాల్లో పోరాడి శత్రునౌకలు మూడింటిని ముంచింది. 1948లో అమ్మేశారు. న్యూయార్క్‌లో యాత్రికుల్ని తిప్పింది. తర్వాత చెసపీక్ అఖాతంలో ఆలుచిప్పలు మోసింది. ఆ మధ్యలో 78 అడుగుల పడవ వెనుకభాగాన్ని 13 అడుగులు కోసి పారేశారు. 65 అడుగులు దాటితే లైసెన్సులున్న సిబ్బందిని పెట్టుకోవాలి, ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు తప్పించుకోవడానికి రంపం తీశారు!

2007లో న్యూ ఆర్లీన్స్‌లోని రెండో ప్రపంచయుద్ధ మ్యూజియం దాన్ని కొని పుట్టినూరికి తెచ్చింది. అప్పటికది పడవ అంటే నవ్వుతారు. చెక్క చివికింది, మేకులు తుప్పుపట్టాయి, తోక లేదు. అక్కడినుంచి దాదాపు పదేళ్లు. రెండు వందల మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు. లక్ష గంటలకు పైగా పని. ఒక్క మనిషే రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు చేస్తే నలభై ఏళ్లు దాటినా తరగని పని అది. సందర్శకులు అద్దాల గోడల్లోంచి చూస్తుండగానే పలక తర్వాత పలక మార్చారు. కోసిన 13 అడుగుల్ని మళ్లీ కట్టారు. యుద్ధకాలంలో ఇదే ఊళ్లో ఈ పడవల్ని వారాల్లో కట్టి పడేశారు. ఒక్కదాన్ని నిలబెట్టడానికి అదే ఊరికి పదేళ్లు పట్టింది.

2016 చివర్లో పడవ నీళ్లలోకి దిగింది. 2017లో పోంచర్‌ట్రెయిన్ సరస్సు మీద టికెట్టు కొన్న జనాన్ని ఎక్కించుకుని పరుగెత్తింది. యుద్ధకాలంలో కొత్త పీటీ పడవల్ని పరీక్షించిన సరస్సు కూడా అదే.

ఇక్కడే అసలు చిక్కు. అంత కష్టపడి నిలబెట్టిన ముసలి పడవని నీళ్లలో పరుగెత్తించడం దేనికి? అద్దాల గదిలో చల్లగా దాచుకోవచ్చు కదా?

విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లినవాళ్లంతా కురుసుర జలాంతర్గామిని చూసే ఉంటారు. 2001లో విధుల నుంచి విరమించింది. 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. పిల్లల్ని వెంటబెట్టుకుని లోపల వంగి వంగి నడిచి రావడం విశాఖ యాత్రలో భాగమైపోయింది. కర్ణాటకలో కార్వార్ తీరాన ఐఎన్ఎస్ చపల్ ఉంది. పీటీ పడవలకు వరసకు మనవరాలు అనొచ్చు దాన్ని. టార్పెడో స్థానంలో క్షిపణి వచ్చింది, అంతే. 1971 డిసెంబరు 4 రాత్రి నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు కరాచీ మీద దాడిచేసిన రోజునే మనం నేవీ డే చేసుకుంటాం. అంత దూరం వెళ్లే ఇంధనం వాటిలో పట్టదు కాబట్టి పెద్ద నౌకలు తాళ్లు కట్టి కొంతదూరం లాక్కెళ్లాయి. ఆ కోవలోనే తర్వాత వచ్చినది చపల్. ఇవన్నీ ఉక్కుతో చేసినవి. ఉప్పుగాలికి తుప్పు పట్టినా గీకి రంగు వేసుకుంటూ ఉంటే ఒడ్డున నిలబడగలవు.

కొయ్యకు ఆ సుఖం లేదు. కాకినాడ దగ్గర తాళ్లరేవులో చెక్క పడవలు కట్టేవాళ్లని అడిగినా ఇదే చెబుతారు. ఎక్కువకాలం ఒడ్డున ఉంచితే ఎండి పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి. తన బరువుకి తనే వంగుతుంది. నీళ్లలో ఉంటే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. కానీ నీళ్లలో ఊరికే కట్టేసినా ప్రమాదమే. ఉప్పునీటి కంటే వాన నీరు చెడ్డది. డెక్ మీద సన్నటి పగులులోంచి దిగిన వాన చుక్క లోపలి మూలల్లో నిలిచి, గాలాడక, చెక్కని పుచ్చుస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది. పడవ తిరుగుతుంటే నీళ్లు తోడతారు, గాలి ఆడుతుంది, చెమ్మ కనపడుతుంది, ఎవరో ఒకరు మూలమూలా చూస్తారు. ఇంజిన్లూ అంతే. తిప్పకపోతే రబ్బరు ఎండుతుంది, కదిలే భాగాలు పట్టేస్తాయి.

అయితే నడపడం కూడా అరగదీయడమే. ఆ వేగంలో ఒక్కో అల సుత్తిదెబ్బలా తగులుతుంది. యుద్ధంలో ఇరవై ఏళ్ల కుర్రాడిలాంటి పడవ భరించిన దెబ్బని ఎనభై ఏళ్లు దాటిన పడవ చేత భరింపజేయడం న్యాయం కాదు. అందుకే పునరుద్ధరించిన వాటిని చాలావరకు సగం వేగంతోనే పోనిస్తారు. నడిపిన ప్రతి ఏడాదీ కొన్ని పాత పలకలు తీసి కొత్తవి వేయాలి. అలా మారుస్తూ పోతే చివరికి మిగిలే పడవ పాతదేనా అన్న ప్రశ్న వస్తుంది. మ్యూజియం పండితులు దీని మీద ఎంతైనా వాదించుకోవచ్చు. చెక్క పడవకి పలకలు మార్చడం వైద్యం కాదు, దినచర్య. కట్టిన మర్నాటి నుంచే మొదలవుతుంది. పీటీ-305లో యుద్ధం నాటి పలకలు ఎన్నున్నాయన్నది కాక, అదే గీతల ప్రకారం, అదే పద్ధతిలో కట్టారా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇంజిన్ల దగ్గర మాత్రం రాజీ బాధ పెడుతుంది. ఎంటీబీ-102 ఇప్పుడు డీజిల్‌తో నడుస్తుంది. తక్కువ ఖర్చు, నిప్పు భయం తక్కువ, విడిభాగాలు దొరుకుతాయి. తప్పు పట్టడానికి లేదు. ట్రస్టులు చందాలతో బతుకుతాయి, గంటకు వేల లీటర్ల పెట్రోలు ఎవరు పోస్తారు? కానీ చూడ్డానికి అదే పడవ, వినడానికి కాదు. ఆనాటి నావికులు కళ్లు మూసుకుని గుర్తుపట్టేది ప్యాకార్డ్ ఇంజిన్ల గర్జననే.

ఆ గర్జన వినాలనుకున్నవాళ్లు అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఉన్నారు. వాళ్లు పీటీ పడవల మీద పనిచేసిన మాజీ నావికులే. 1990ల్లో, డెబ్బై దాటిన వయసులో, కాలిఫోర్నియాలో పడి ఉన్న పీటీ-658ని తెచ్చుకున్నారు. 1945లో యుద్ధం ముగిసే వేళకు పూర్తయిన పడవ అది. ఒక్క తూటా కూడా పేల్చలేదు. అదే దాని అదృష్టమైంది. ఎవరూ కోయలేదు, పెద్దగా మార్చలేదు. ఏళ్ల తరబడి శనివారాలు, సెలవులు దాని మీదే గడిపి, మూడు ప్యాకార్డ్ ఇంజిన్లనీ బతికించి నదిలో పరుగెత్తించారు. 2012లో ఆ పడవ అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది.

1944లో పద్దెనిమిదేళ్లున్న నావికుడికి 2026లో నూరేళ్లు. పోర్ట్‌లాండ్‌లో పని మొదలుపెట్టిన తరం దాదాపు వెళ్లిపోయింది. ఇంజిన్ విప్పి బిగించడం పుస్తకంలో ఉంటుంది. ఏ చప్పుడుకి కంగారుపడాలో, ఏ చప్పుడుకి పడక్కర్లేదో పుస్తకంలో ఉండదు. ఆ ముసలివాళ్లు పక్కన నిలబడి మనవల వయసు మెకానిక్‌లకు చెవితో నేర్పింది అదే. పోర్ట్స్‌మత్‌లోనూ పాత బోట్‌హౌస్‌ని బాగుచేసి, కుర్రకారుకి చెక్క పడవలు కట్టే పని నేర్పడం మొదలుపెట్టారు. పడవలకు పలకల కొరత లేదు. పలకని ఎక్కడ, ఎంత వంచాలో తెలిసిన చేతులకే కొరత.

పెట్రోలు పడవని కదిలించే ముందు ఓ క్రమం ఉంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పడవ అడుగున కనపడకుండా పేరుకుని ఉంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే ముందు ఫ్యాన్లు తిప్పి ఆ ఆవిరిని బయటికి తోలాలి. ఎవరో ఒకరు ఇంజిన్ గదిలోకి దిగి వాసన చూడాలి. ఆ తర్వాతే ఒక ఇంజిన్. అది కుదురుకున్నాక రెండోది. చివర్న మూడోది. ఈ పనిలో తొందరపడేవాళ్లని పాత నావికులు ఇంజిన్ గది దరిదాపులకు రానిచ్చేవారు కాదు.